ఇరవై రెండు సెకన్ల వాయిస్

‘అకౌంట్ డిలీట్’ అనే ఎర్ర అక్షరాల మీద మాలతి వేలు పెట్టేసింది. నిజంగానే తీసేయమంటావా అని వాట్సాప్ ఒకటికి రెండుసార్లు అడిగింది. తీసెయ్ తల్లీ, తీసెయ్, నీకు పుణ్యముంటాది అనుకుంటూ మళ్లీ నొక్కింది. ఫొటోలు, మెసేజీలు, చుట్టాల గ్రూపులు అన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. పోతే పోనీ, పరువు దక్కితే చాలు.

ఇంతకీ ఆమె చేసిన ఘనకార్యం ఏమిటంటే, మధ్యాహ్నం అన్నం తిని, మదనపల్లెలో తన ఇంటి వసారాలో తీరిగ్గా కూర్చుని చెల్లెలికి ఒక వాయిస్ పెట్టింది.

"ఏమ్మే, మొన్న పుంగనూరులో మా బ్యాచోళ్లంతా కలిసినాం కదా, ఆ ఉషారాణి కట్టుకొచ్చిన పట్టుచీర ఎవురిదనుకున్నావు? నాదే! ఇస్త్రీపెట్టెకు కొంగు కాలితే మామిడిపిందె అతుకేయించినా సూడు, అదే. పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆయప్పకేసి బేసిన్ తీసుకున్నా. అది యాడ కొనుక్కునిందో ఏమో, మహారాణి మాదిరి ఫొటోకు ముందర నిలబడింది!"

చివర్లో పెద్ద నవ్వు. మొత్తం ఇరవై రెండు సెకన్లు.

అది చెల్లెలికి పోలేదు. ‘పుంగనూరు టెన్త్ బ్యాచ్’ గ్రూపులో పడింది. అందులో ముప్పై రెండు మంది ఉన్నారు, ఉషారాణితో సహా. సంగతి తెలిసేసరికి రెండు నిమిషాలు దాటింది. చెరిపేయబోయి, కంగారులో ‘నాకు మాత్రమే’ అన్నచోట నొక్కింది. అది తన ఫోన్లో మాత్రం మాయమైంది. ఇక అకౌంటే తీసేస్తే దాంతోపాటు ఆ పాడు వాయిసూ పోతుందేమో అన్న ఆశతో ఆ పనీ చేసేసింది.

సిగ్గుతో చితికిపోయింది మాలతి. ఎవరిని అంది అంత మాట? కుప్పంలో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిపెట్టి బతుకుతున్న మనిషిని. ముప్పై ఏళ్ల తర్వాత నంబరు వెతికి పట్టుకుని, "నేనుమే, ఉషాని" అని తనకు మొట్టమొదట ఫోన్ చేసిన మనిషిని. నాలుగు రోజులు మాలతి గడప దాటలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడింది.

ఐదో రోజు పద్మావతే ఇంటికొచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది, అదే బ్యాచ్.

"ఏందిమే, గ్రూపులోంచి మాయమైపోయినావు?"

"ఫోన్ చెడిపోయిందిలే. గ్రూపులో ఏమన్నా అనుకున్నారా?"

"ఏమనుకుంటారు? నువ్వేందో వాయిస్ పెట్టినావంట కదా. నేను సూసేటప్పటికే డిలీట్ అయిపోయి ఉండాది. ఎవురూ ఇన్నట్టు లేదు. ఏం పెట్టినావు?"

"ఏం లేదు, చెయ్యి తగిలింది."

హమ్మయ్య! అకౌంటుతో పాటు అదీ పోయిందన్నమాట. మాలతి ఆ పూట కడుపునిండా తింది. కానీ సాయంత్రానికి మళ్లీ మొదలైంది పీకులాట. ఈలోపల ఉషారాణి వినేసుంటే?

ఆదివారం ఒక కొత్త పట్టుచీర కొని కుప్పం బస్సెక్కింది. కాళ్లు పట్టుకునైనా సరే, క్షమించమని అడగాలి. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు తల తిప్పుకోవాలనుకుంది గానీ, చదివిన బడి గుర్తురాక మానుతుందా? పదో తరగతిలో ఒకరోజు తన పరికిణీ వెనక మరకైంది. చూసింది ఉషారాణి ఒక్కతే. పుస్తకాలు గుండెలకు హత్తుకుని, ఇల్లు చేరేదాకా మాలతి వెనకనే ఆనుకుని నడిచింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. అలాంటిదాన్ని పట్టుకుని, ఛీ, ఏం నోరే నాది అని మాలతి తనను తనే తిట్టుకుంది.

ఉషారాణి వాకిట్లో బియ్యం చెరుగుతూ ఉంది.

"అబ్బా, మాలతీ! చెప్పకుండా వచ్చినావే! రామ్మా, కూర్సో. మజ్జిగ తాగుతువు."

మాలతి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది. "ఉషా, నేను గ్రూపులో ఒక వాయిస్ పెట్టినా. ఇన్నావా?"

చేట ఒక్క క్షణం ఆగింది.

"వాయిసా? నా ఫోన్ స్పీకరు పోయి పది దినాలాయ. ఏదీ ఇనపడి చావదు. యాల, ఏం పెట్టినావు?"

అప్పుడే చెప్పేయాల్సింది. దానికే కదా అంత దూరం వచ్చింది. కానీ వినలేదన్నాక నోరు పెగలనిస్తుందా బుద్ధి?

"ఏం లేదు, పిచ్చి వాగుడు" అనేసి, చీర తీసి చేతుల్లో పెట్టింది.

"కొత్తది! యాలమ్మా ఇప్పుడు?"

"ఊరికే. నీకు బాగుంటాదని."

ఉషారాణి కొంగు విప్పి, చివరిదాకా చూసి, మళ్లీ జాగ్రత్తగా మడిచింది. "నాకెందుకులే ఇంత మంచిది. మా కోడలికి ఇస్తా" అని నవ్వి, మాలతికి కుంకుమ పెట్టింది. ఇంతలో లోపల ఫోన్ గట్టిగా మోగింది. "వస్తాండా, వస్తాండా" అంటూ పరుగెత్తింది. మాలతి బస్సు టైమయిందని బయటపడింది. గండం గడిచింది!

మర్నాడు కొత్తగా వాట్సాప్ పెట్టుకుని, హుషారుగా పద్మావతి ఇంటికెళ్లింది.

"నన్ను మళ్లీ గ్రూపులో చేర్పించుమే."

"నాకయ్యన్నీ రావు. ఇదో, నువ్వే సూసుకో" అని పద్మావతి తన ఫోన్ చేతికిచ్చి పొయ్యి దగ్గరికి పోయింది.

మాలతి గ్రూపు తెరిచింది. ఆ వాయిస్ నిజంగానే పోయిందని కళ్లారా ఒకసారి చూసుకుందామనిపించి, పైకి జరుపుతూ ఆ రోజు దగ్గరికి వచ్చింది. తన నంబరు కింద ఒక్క వాక్యం ఉంది.

‘ఈ మెసేజ్‌ను అడ్మిన్ ఉషారాణి డిలీట్ చేశారు.’