పార్ట్ ఇంకా రాలేదండి

“పార్ట్ ఇంకా రాలేదండి. మూడు రోజులు ఓపిక పట్టండి మేడం.”

శర్వాణి ఫోను బల్ల మీద పడేసింది. ఈ మాట వినడం ఇది తొమ్మిదోసారి.

ఆమె తిరువూరు కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతుంది. ఆరేళ్ళుగా సెలవు దొరికితే చాలు, వినగడప వైపో ఎ.కొండూరు వైపో బస్సెక్కి పోయేది. ఒకప్పుడు నాట్లకూ కోతలకూ వెళ్ళిన ముసలమ్మలను కూర్చోబెట్టి వాళ్ళ పాటలు రికార్డు చేసుకునేది. మొత్తం మూడు వందల పన్నెండు పాటలు. పాడినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు.

అన్నీ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి.

ఇంకోచోట దాచుకోవద్దా అని మీరడగవచ్చు. కొన్నప్పుడు షాపువాడు ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగడుతూ, “ఇక గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోండి మేడం” అన్నాడు. ఆ భరోసా మిషనుకే కాదు, లోపల ఉన్నవాటికి కూడా అని నమ్మింది పిచ్చితల్లి. కాగితం వెనక చీమతలకాయంత అక్షరాలు ఎవరు చదువుతారు?

ఒకరోజు అది ఆన్ కాలేదు. విజయవాడ సర్వీస్ సెంటరుకు మోసుకెళ్ళింది. కౌంటర్లో కిరీటి అనే ముప్పయ్యేళ్ళ మనిషి విప్పి చూసి, ఒక పార్ట్ మార్చాలన్నాడు.

“లోపలివి ఏమీ పోవు కదండీ?” అని అడిగింది. పోయిన ఏడాది కన్నుమూసిన వినగడప పిచ్చమ్మ గురించి చెప్పింది. ఆవిడ పాట ఇంకెవరికీ రాదని చెప్పింది.

కిరీటి ఆమె సంతకం పెట్టిన రశీదు వంక కాసేపు చూశాడు.

“నాకొదిలేయండి మేడం. నేను చూసుకుంటాను.”

ఆ ఒక్క మాటతో ఆమెకు సగం బరువు దిగింది. మనిషిలాంటి మనిషి దొరికాడనుకుంది.

పార్ట్ రాలేదన్న మాట కిరీటి నోట తొమ్మిదోసారి విన్నాక, ఇక ఆగలేక హెడ్డాఫీసుకు ఫోన్ చేసింది. హెప్సిబా అనే అమ్మాయి ఎత్తింది.

“మీ పార్ట్ ఆరో తేదీనే సెంటరుకి చేరింది మేడం.”

“ఆరో తేదీనా? ఇవాళ ఇరవై రెండు.”

“అవునండి. ఒక్క పూట పని. కిరీటిగారి పేరు మీద ఆపి ఉంది.”

“ఎందుకాపారు?”

“కారణం రాయలేదండి.”

శర్వాణికి ఒళ్ళు మండిపోయింది. కంపెనీ మోసం చేస్తే ఇంత బాధ ఉండేది కాదు. మంచివాడనుకుని మనసులో మాటంతా చెప్పుకుంటే, పదహారు రోజులు చెవిలో పువ్వులు పెట్టాడు. నమ్మించి గొంతు కోశాడు.

అక్కడికక్కడే కంప్లయింటు రాసింది. అబద్ధాలు చెప్పాడనీ, పార్ట్ దాచిపెట్టాడనీ రాసింది. చెయ్యి తడిపించుకోవాలని చూస్తున్నాడేమో అని కూడా రాసింది.

ఆ సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్.

“మేడం, కిరీటినండి. ఇది నా సొంత ఫోను. ఆఫీసు ఫోన్లో అన్నీ రికార్డవుతాయి, అందుకని...”

“రికార్డు కాకుండా మాట్లాడాల్సింది ఏముంది? లంచమా?”

“అది కాదండి. రేపొక్క రోజు ఆగి...”

కట్ చేసి, నంబరు బ్లాక్ చేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

నాలుగో రోజుకల్లా ల్యాప్‌టాప్ రెడీ అని మెసేజ్ వచ్చింది. గట్టిగా అడిగితే గానీ పని జరగదనుకుంటూ విజయవాడ బస్సెక్కింది.

కౌంటర్లో హర్షవర్ధన్ అనే కొత్త మనిషి ఉన్నాడు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూపించాడు. ఇవాళే కొన్నట్టు తళతళలాడుతోంది. ఒక్క ఫైలు లేదు.

“నా పాటలేవి?”

“కొత్త డిస్కు వేశామండి. పాతది రూలు ప్రకారం కంపెనీకి పంపేశాం. అక్కడ తుక్కు చేసేస్తారు.”

“అందులోనే ఉన్నాయి అన్నీ.”

“లోపలివాటికి కంపెనీ పూచీ లేదని సంతకం పెట్టారు కదండీ.”

శర్వాణి కౌంటరు పట్టుకుని నిలబడింది.

“కిరీటిని పిలవండి. ఆయనకు అన్నీ చెప్పాను.”

“ఆయన్ని మొన్న తీసేశారండి. మీ కంప్లయింటు మీదే.”

“మరి పార్ట్ ఎందుకాపాడు? ఎందుకన్ని అబద్ధాలు చెప్పాడు?”

హర్షవర్ధన్ మేనేజరు గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“ఆ పార్ట్, అంటే కొత్త డిస్కు, వేశామని రాస్తే ఆ రోజే పాత డిస్కు పంపేయాలండి. అది పాడైపోయిన డిస్కు. రోజుకి ఇరవై పాటలు బయటికొస్తే గొప్ప. అన్నం మానేసి దాని ముందే కూర్చుని, తన సొంత డ్రైవులోకి ఒక్కొక్కటీ ఎక్కించేవాడు. కస్టమరు ఫైళ్ళు ముట్టుకుంటే మాకు ఉద్యోగం పోతుందండి.”

శర్వాణికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

“అయితే అవి ఆయన దగ్గరున్నాయా?”

“మీ కంప్లయింటు వచ్చేసరికి ఇంకా నాలుగే మిగిలాయండి; తీసిన మూడు వందల ఎనిమిదీ మేనేజరుగారు ఆయన చేతే చెరిపించి, అప్పుడు బయటికి పంపారు.”