వేరే గిన్నె

"ఉప్పు బస్తా ఇంకా రైలు దిగలేదా హెప్సిబా?"

బుచ్చిబాబు మాటకి భోజనాల బండి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భీమడోలు స్టేషన్ బయట ఇది రోజూ ఉండే తంతే.

"రేపు చూసి వేస్తానండి," అంది హెప్సిబా.

"ఎనిమిది నెలల్నుంచీ ఇదే రేపు. ఆ ఉప్పు డబ్బా ఇలా తే."

"అయిపోయిందండి."

"మాకు సరిపోయిందండీ బాబాయిగారూ," అన్నాడు పక్కనే సైకిల్ షాపు పెట్టుకున్న దుర్గేష్.

"నీకు గడ్డి పెట్టినా సరిపోతుందిరా."

బుచ్చిబాబు తిడుతూనే తినేవాడు. మానలేడు. ఏలూరు ఆసుపత్రిలో భార్య అచ్చమ్మ పోయేముందు అతనితో అన్న ఆఖరి మాట ఇది:

"మీకు వంట రాదు. స్టేషన్ దగ్గర హెప్సిబా బండి మీద తినండి. ఇంకెక్కడా వద్దండీ."

బతికున్నన్నాళ్లూ ఆమె మాట విన్నది లేదు. బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాక, ఆమె చప్పిడి కూర వడ్డిస్తే కంచం తోసేశాడు. "నేనింకా చావలేదే," అన్నాడు.

పోయాక ఈ ఒక్కటైనా విందామనుకున్నాడు.

ఓ సోమవారం ఒకటి అతని కంటపడింది. అందరికీ పెద్ద డబరాలోంచి కూర. తనకి మాత్రం బండి కింద దాచిన చిన్న గిన్నెలోంచి.

"ఏంటది?"

హెప్సిబా చప్పున మూత పెట్టేసింది.

"నిన్నటి కూర నాకు తగలేస్తున్నావా? అందుకేనా రుచీ పచీ లేనిది! చూడండయ్యా, ఈవిడ పాచికూడు పెడుతోంది!"

తింటున్న చేతులు ఆగాయి. ఇద్దరు లేచి చెయ్యి కడిగేసుకున్నారు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. హెప్సిబా నోరు తెరిచింది. అతని మొహంలోకి చూసింది. మళ్లీ మూసుకుంది.

"తినండి, చల్లారిపోద్ది," అంది.

అతను కంచం తోసేశాడు.

పాచికూడు మాట ఊరంతా తిరిగింది. పది రోజులు హెప్సిబా ఈగలు తోలుకుంది. పదిహేనో రోజుకి బండే లేదు.

బుచ్చిబాబు బజారు హోటల్లో ఆవకాయ నంజుకుంటూ, "ఇదీ తిండంటే," అన్నాడు.

నెల తిరక్కుండా కళ్లు తిరిగి పడ్డాడు.

ఏలూరు డాక్టరు బీపీ చూసి కసిరాడు. "ఎనిమిది నెలలు చక్కగా ఉంది కదండీ! చప్పిడి తినడం ఎందుకు మానేశారు?"

"నేను తిన్నదెప్పుడండీ చప్పిడి?"

అన్నాక, బండి కింద దాచిన ఆ చిన్న గిన్నె గుర్తొచ్చింది.

బస్సు దిగి నేరుగా సైకిల్ షాపుకెళ్లాడు.

"హెప్సిబా ఏదిరా?"

"బండి అమ్మేసి వెళ్లిపోయిందండీ. ఎక్కడికో చెప్పలేదు. మీకిమ్మని ఇదిచ్చింది. మీరేమో ఇటు రావడమే మానేశారు."

దుర్గేష్ సంచిలోంచి ఆ చిన్న గిన్నె తీశాడు.

"నన్నేమంది?"

"ఏమీ అనలేదండీ. ఎంతడిగినా, చెప్పనని ఒట్టేశానంది."

"ఎవరికి?"

"అదీ చెప్పలేదండీ."

బుచ్చిబాబు గిన్నెని వెలుతురుకి తిప్పాడు. అంచు మీద, నలభై ఏళ్ల కిందట పెళ్లి సామాను మీద కొట్టించిన పేరు, అరిగి, ఇంకా చదవడానికి వీలుగానే ఉంది: అచ్చమ్మ.