ఎత్తిన చెయ్యి

"అమ్మా, నాకు భయంగా ఉంది. ఇంటికి పోదాం," అంది దీప్తి.

కూతురి కాషాయం చీర కుచ్చిళ్లు సర్దుతున్న సామ్రాజ్యం తలెత్తలేదు. "నోరు మూసుకో. ఇంకాసేపటికి జన్మంతా మూసుకునేదేగా," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

నల్లతామర పురుగు పట్టి మిరపచేను ముడుచుకుపోతుంటే, పంట దక్కితే పిల్లను మౌనమ్మ మఠానికిస్తానని మొక్కుకుంది ఆవిడే. పురుగు పోయింది. మందుకు పోయిందో, మొక్కుకు పోయిందో ఎవరు చెప్పొచ్చారు! ఇక మౌనమ్మగా మొదటి హారతి అందుకుంటే చాలు, చచ్చేదాకా దీప్తికి మాట లేదు.

ఎదురుగా గోడ మీద, ఇదివరకు మౌనమ్మగా ఉన్న పెద్దమ్మగారి పటం. అరచెయ్యి ముందుకెత్తి, పెదవులు కాస్త విచ్చుకుని, చూపు గుమ్మం మీద నిలిపి ఉంటుంది. మొదటి హారతి వేళ పీఠమెక్కిన అమ్మ ఎలా ఉంటే అలాగే గీయించడం ఆ మఠం ఆచారం. ఆ చెయ్యి అభయమంటాడు మఠం పెద్ద పానకాలు. కాదు, చేల మీదికొచ్చే పురుగును ఆపుతోందంటారు రైతులు. పెదవుల మీద ఉన్నది మంత్రమేనని అందరూ ఒప్పేసుకున్నారు. ఎవరి పిచ్చి వాళ్లకానందం. దీప్తి మాత్రం చిన్నప్పటినుంచీ ఆ చూపుకే జడిసేది. దణ్ణం పెట్టేవాళ్లను చూడాల్సిన తల్లి, గుమ్మం కేసి ఎందుకు చూస్తోంది?

దీప్తిని అదే పీఠం మీద కూర్చోబెట్టారు. బొమ్మ గీయడానికి ఒంగోలు నుంచి వచ్చిన మాలిక్ కాగితం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. గోడ మీది పటం గీసింది వాళ్ల నాన్న అలీ సాహెబే.

పానకాలు కర్పూరం వెలిగించాడు. డోలు, సన్నాయి ఒక్కసారిగా అందుకున్నాయి. పళ్లెం దగ్గరికి వస్తున్నకొద్దీ దీప్తి తల్లి కోసం వెతికింది. గుమ్మంలో తల్లి కనబడింది, కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి.

"అమ్మా, నేనుండనే!" అని అరిచింది. డోలు మోతలో ఆ మాట తన చెవికే వినబడలేదు. ఆపమంటూ పళ్లేనికి అడ్డంగా చెయ్యెత్తింది.

జనమంతా ఒక్కపెట్టున సాష్టాంగపడ్డారు.

మాలిక్ భక్తిగా వంగి ఆమె చెవి దగ్గర చెప్పాడు: "చెయ్యి దించకండమ్మా. ఆ రోజు పెద్దమ్మగారు కూడా అచ్చం ఇట్టాగే, గుమ్మం కేసి చూస్తా చెయ్యెత్తారని మా నాన్న చెప్పేవాడు."