మణి ఉపవాసం

కోమలి తన కుక్క మణి మెడకు తాడు కట్టి గేటు దాకా తెచ్చేసరికి అత్త వసంతమ్మ వచ్చి అడ్డం నిలబడింది.

"యాడికి మే, వ్రతంలో ఉండేదాన్ని ఈడ్సుకోని పోతా ఉండావు?"

"చిత్తూరుకత్తా, కుక్కల డాక్టరమ్మ దగ్గిరికి. పది దినాలుగా పాలు తప్ప ఏమీ తినలే ఇది."

"పెరటాసిలో కుక్క ఉపవాసం ఉండాదని ఊరంతా దండం పెడతా ఉంటే, నువ్వొక్కదానివే సూది పొడిపిస్తానంటావా?" చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వసంతమ్మ ఉరిమింది.

ఇదంతా పక్కింటి ఆదిమూలం చేసిన నిర్వాకం. బంగారుపాళ్యంలో అతనిది కోళ్ల అంగడి. పెరటాసి అంటే స్వామికి శనివారాల వ్రతం పట్టే నెల, ఊరు సగం నీసు మానేస్తుంది కనుక ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు. అమ్ముడుపోని కోడికాళ్లు రెండు తెచ్చి మణి ముందు వేస్తే అది వాసన చూసి మొహం తిప్పుకుంది. అంతే, "మనిషిని, నేను మానలేకపోతిని, కుక్క మానేసింది స్వామీ!" అని వీధి వీధికీ చెప్పి వచ్చాడు. మర్నాటికల్లా మణి నుదుటిన నామం వెలిసింది. ఎవరో తులసిమాల వేశారు. శనివారం స్వామికి తళిగ వేసి నైవేద్యం పెట్టినవాళ్లు పులిహోర తెచ్చి దాని ముందు పెట్టారు. అది తినకపోయేసరికి మరింత పరవశించిపోయారు. తినకుండా ఉంటే ఇంత మర్యాద దొరుకుతుందని తెలిస్తే ఊళ్లో కుక్కలన్నీ మూతులు కట్టేసుకునేవే!

వసంతమ్మకు మరీ కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఈ ఏడు ఆమె కూడా ఎన్నడూ లేనంత గట్టి వ్రతం పట్టింది. ముప్పై ఏళ్లుగా నములుతున్న ఆకూవక్క మానేసింది. అన్నం మానేసింది. చల్లారిన గంజి, పాలు, అంతే. అత్తకు తోడు కుక్క అని వచ్చినవాళ్లు ఇద్దరికీ కలిపి దండం పెట్టిపోతున్నారు.

కోమలికి మాత్రం పది రోజులుగా కాలూ చెయ్యీ ఆడడం లేదు. రాత్రి నాలుగుసార్లు లేచి చూస్తోంది. పొద్దున గోనెపట్ట తడిసి ఉంటుంది. చొంగ. పాలు తాగేటప్పుడు తల ఒక పక్కకే వంచుతుంది. బుగ్గ మీద చెయ్యి వేస్తే దూరం జరుగుతుంది. ఉపవాసం ఉన్నవాళ్లకు తినాలని ఉండదు గదా, దీనికి ఉంది. గిన్నె చప్పుడైతే పరుగున వస్తుంది, ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, జారవిడిచేసి నిలబడుతుంది. డొక్కలు బయటపడ్డాయి. ఇట్లా పోతే నెల నిండేలోపలే ఇది చచ్చిపోతుందని ఆమెకు భయంగా ఉంది.

"మనిషివి, నువ్వే మొన్న మరిసిపోయి వడ కొరికి ఉమిసేస్తివి. కుక్కకేం తెలుస్తాదత్తా శనివారమని?"

వసంతమ్మ మొహం నల్లబడింది. చెంగు నోటికి ఇంకా దగ్గరగా లాక్కుంది.

"దాని వ్రతం సెడిపితే ఆ పాపం నీదే, నాకు తెలీదు," అని పక్కకు తప్పుకుంది. భర్త సుకుమార్ తల్లి వైపు చూడకుండా ఆటో తీశాడు.

చిత్తూరులో డాక్టరు అమల మణి నుదుటి నామం చూసి నవ్వింది. నోరు తెరిపించి టార్చి వేయగానే నవ్వు ఆగిపోయింది.

"వెనక పన్ను నిలువునా చీలిందమ్మా. కింద అంతా చీము. ఎన్నాళ్లయింది?"

"అరవలే, మూలగలే మేడమ్. మాకు తెలీలే..."

"అరవవమ్మా. నొప్పిని దాచిపెడతాయి. తిండి ఒక్కటే మారుతుంది. గట్టివి వదిలేసి మెత్తనివి చూసుకుంటాయి, మొహం ముట్టుకోనివ్వవు. ఇంట్లోవాళ్లేమో ఏదో ఒక కారణం చెప్పుకుని ఊరుకుంటారు. ఇంకో వారం ఆగుంటే కష్టమయ్యేది."

మత్తిచ్చి పన్ను పీకేసింది. మర్నాడు పొద్దున కోమలి మెత్తగా పిసికిన అన్నంలో కోడిగుడ్డు కలిపి పెడితే, మణి గిన్నె అడుగు దాకా నాకి, ఇంకా ఉందా అన్నట్టు తోకాడించింది. గోడ మీదినుంచి చూస్తున్న ఆదిమూలం "పెరటాసిలో గుడ్డా!" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కోమలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

వసంతమ్మ పంచలో కూర్చుని అంతా చూస్తోంది. పక్కన గంజి లోటా అట్లాగే ఉంది. ఇక తిట్లు మొదలవుతాయని కోమలి కాచుకుంది.

"పీకేటప్పుడు అరిసిందా మే?" మెల్లగా అడిగింది అత్త.

"లేదత్తా. మత్తిచ్చినారు."

"ఇప్పుడు నొప్పి లేదా దానికి?"

"లేదు. ఇది సూడు," అంటూ కోమలి కాగితం పొట్లం విప్పి చీలిన పన్ను ఆమె చేతిలో పెట్టింది. "ఇంత నొప్పి నోట్లో పెట్టుకోని ఎట్లా ఓర్సుకున్యాదో పాపం, మనమేమో దండాలు పెడితిమి."

వసంతమ్మ ఆ పన్నును అటూ ఇటూ తిప్పి చూసింది. గేటు వైపు ఒకసారి చూసింది. ఎవరూ లేరు. అప్పుడు నోటికి అడ్డంగా ఉన్న చెంగు తీసింది.

"నాది పన్ను కాదు మే, బుగ్గ లోపల పుండు... పెరటాసి రాకముందు నుంచే ఉండాది."