ముందే తెల్లబడిన కుందేలు

కొల్లేటికి వలస వచ్చిన ఒక ముసలి బాతు చెప్పగా కొంగలు విన్నాయి. కొంగల వలన మాకు తెలిసిన కథ ఇది.

తొలిమంచు పడిన నాడు ఎవరూ వేటాడరాదని ఉత్తరపు అడవిలో కట్టుబాటు. ఆ ఏడు మంచు ఆలస్యమైంది. చలికాలానికి బొచ్చు తెల్లగా మారే అక్కడి కుందేళ్ళలో ధవళుడనేవాడు మాత్రం మంచుకు ముందే తెల్లబడ్డాడు. నల్లని నేల మీద దాగే చోటు దొరక్క తిరుగుతుండగా నక్కగారు ఎదురయ్యారు.

“ఎవరయ్యా అది?”

“తొలిమంచును స్వామీ,” అన్నాడు ధవళుడు, కదలకుండా.

“ఇంతేనా పడ్డావు?”

“మావాళ్ళు వెనక వస్తున్నారు.”

“మరి ఆ చెవులెందుకు?”

“వాళ్ళ రాక వినడానికి.”

ఆచారం తప్పని నక్కగారు నమస్కరించి, ఆకలితోనే మరలిపోయారు. సాయంత్రానికి నిజంగానే మంచు కురిసింది.

తొలిమంచును అందరికన్నా ముందు దర్శించిన పుణ్యాత్ములుగా నక్కగారు పేరుపొందారు. ధవళుడు మంచులో ఎంతగా కలిసిపోయాడంటే, మొగుడి పేరు ఏనాడూ పలకని అతని ఇల్లాలికి, భోజనవేళ పేరు పెట్టి కేకవేయక తప్పలేదు.