ప్రతి అయిదో కుర్చీ

"ఫ్యాను ఎవరాపారు?" వంటింట్లోంచి వచ్చిన లక్ష్మీకాంతం కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనే. రిహార్సల్లో ఉన్నా," మడత మంచం మీద కళ్ళు మూసుకునే జవాబిచ్చాడు గోవర్ధనరావు.

"ఈ ఉక్కకి కుండలో నీళ్ళే మరిగేలా ఉన్నాయి. ఫ్యానేం అడ్డమండీ మీకు?"

"నాటకం గురించి నీకేం తెలుసే?"

ఆవిడ ఫ్యాను వేసింది. ఆయన లేచి ఆపాడు. మూడోసారికి స్విచ్చు ఊడి చేతిలోకొచ్చింది.

ఆయన గాభరా ఆయనది. అవనిగడ్డ పోటీలకి తండ్రి వేషం డేవిడ్ రాజుకిద్దామంటున్నాడు దర్శకుడు వాసు. వాసు లక్ష్మీకాంతం తమ్ముడే. "జనం మిమ్మల్ని చూసి చూసి విసిగిపోయారు బావా," అని మొహం మీదే అనేశాడు.

"జనాన్ని అడిగావా?" అన్నాడు గోవర్ధనరావు.

అడిగే పని కూతురు హాసిని తీసుకుంది. కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. పోటీలకి ముందు గుడివాడలో వేసే ప్రదర్శనలో ప్రతి అయిదో కుర్చీకీ ఒక కాగితం ఇస్తానంది. సీను సీనుకీ అయిదుకి ఎన్ని మార్కులో వాళ్ళే వెయ్యాలి.

ఆ మాట చెవిన పడ్డాక గోవర్ధనరావు ఊరుకోలేదు. చుట్టాలందరినీ పిలిచి అయిదో కుర్చీ, పదో కుర్చీ, పదిహేనో కుర్చీ చూసి మరీ కూర్చోబెట్టాడు.

హాసిని రెండో కుర్చీ నుంచి మొదలెట్టింది.

నాటకం నడిచింది. నాలుగో సీనులో దోమలు పీక్కుతింటున్నా గోవర్ధనరావు చలించలేదు. ముందు వరస ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వాసు కూడా వచ్చాడు. లక్ష్మీకాంతం ముద్దపప్పు వడ్డిస్తుంటే హాసిని ఫోన్ చూసి చదివింది.

"మొదటి మూడు సీన్లకీ అయిదుకి రెండు దాటలేదు నాన్నా."

"మైకు బాగాలేదు."

"నాలుగో సీనుకి నాలుగున్నర."

గోవర్ధనరావు చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. "విన్నావా వాసూ?"

"కాదన్లేను బావా," వాసు పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఒప్పుకున్నాడు. "ఆ సీనులో మీకు వంక పెట్టలేం. పైగా డేవిడ్ రాజుకి దగ్గొకటి."

"అయితే వేషం నాదే కదా?"

"మీదే."

గోవర్ధనరావు గ్లాసుడు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, అందరూ వినేలా ప్రకటించాడు.

"ఇక నాలుగో సీను దాకా ఆగేది లేదు వాసూ, అవనిగడ్డలో తెర లేచేసరికే నా శవం స్టేజీ మీద ఉండాలి."