వీపు వైపు

"ఆ బెడ్డు నాకొద్దు మేడం. ఇంకేదైనా ఇవ్వండి," అన్నాడు ఎఫ్రెన్.

ట్యూటర్ జోసెలిన్ మాస్కు పైనుంచి అతణ్ణి చూసింది. ఆమెకు ముప్పై దాటి ఉండవు. అతనికి నలభై ఆరు. ఇలోయిలో నగరపు ఆసుపత్రిలో మగవాళ్ల వార్డు అది. తెల్ల బట్టల్లో వరసగా నిలబడ్డ తొమ్మిదిమంది నర్సింగ్ విద్యార్థుల్లో నెరిసిన తల అతనిదొక్కటే.

"ఎందుకొద్దు?"

"నడుం నొప్పి. ఆ మనిషిని ఎత్తి తిప్పాలి కదా."

వెనక ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. "తాతయ్యకి కూడా పక్కనే ఓ బెడ్డు వేయించండి మేడం."

"నువ్వు నోరు మూసుకో," అని, జోసెలిన్ మళ్లీ ఇటు తిరిగింది. "మిస్టర్ మగ్‌బానువా, పోలీసు ఉద్యోగం వదులుకుని ఈ వయసులో నర్సింగ్‌కి వచ్చారు. పేషెంట్లని ఏరుకుంటానంటే కుదరదు. ఏడో నంబరు చెయ్యకపోతే ఈ డ్యూటీ ఫెయిల్. మళ్లీ వచ్చే ఏడాదే."

వచ్చే ఏడాది అంటే, భార్య చేపల బజారులో ఇంకో ఏడాది నిలబడాలి. ఎఫ్రెన్ మాస్కు కళ్ల కిందదాకా లాక్కుని, బేసినులో గోరువెచ్చని నీళ్లు పట్టుకుని కదిలాడు.

ఏడో నంబరు బెడ్డు మీది కుర్రాడి పేరు ఆర్నెల్. నడుం కింద చచ్చుబడిపోయింది. ఇందాక వార్డు గుమ్మంలో ఉండగానే గుర్తుపట్టాడు ఎఫ్రెన్. నాలుగేళ్ల కిందట వాడి మీద తుపాకీ పేల్చింది తనే. వాడు ఆయుధంతో మీదికొస్తే ఎదురుగా కాల్చాల్సి వచ్చిందని రిపోర్టు రాసి, సంతకం పెట్టిందీ తనే.

పక్కన స్టూలు మీద తల్లి గంజి చల్లారబెడుతోంది. అతణ్ణి చూసి లేచి చోటిచ్చింది.

"ఇవాళ పెద్దాయన్ని పంపారే," అన్నాడు ఆర్నెల్. "డాక్టరా మీరు?"

"కాదు. నర్సింగ్ చదువుతున్నా."

"ఇప్పుడా? ఇంతకుముందు ఏం చేసేవారు?"

"జీప్నీ తోలేవాణ్ణి, ప్యాసింజర్ల బండి."

"మంచి పనేగా. ఎందుకు మానేశారు?"

ఎఫ్రెన్ తడిగుడ్డ పిండాడు. మొహం, మెడ, ఛాతీ, పొట్ట తుడిచాడు. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. ఎక్కడ పట్టుకోవాలో తెలియక రెండు అరచేతులూ కింద పెట్టి ఎత్తాడు.

"నీ చెయ్యి మెత్తన బాబూ," అంది తల్లి. "మొన్నొచ్చిన పిల్ల పిండి పిసికినట్టు పిసికింది. నువ్వు మంచి నర్సువవుతావు."

ఎఫ్రెన్ తల ఎత్తలేదు. "కాస్త పక్కకి తిప్పుతాను," అన్నాడు.

వెన్నెముకకి ఎడమ పక్క, గోరంత మచ్చ. చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"చూశారా దాన్ని?" అన్నాడు ఆర్నెల్ దిండులోకి. "నేనెప్పుడూ చూడలేదు. అమ్మనడిగితే ఏడుస్తుంది. ఎలా ఉంటుంది?"

"చిన్నదే. నున్నగా ఉంది."

"తూటా అక్కడే కదా లోపలికి దిగింది?"

నీళ్లు అతని మోచేతి నుంచి దుప్పటి మీదికి కారాయి. "అక్కడే," అన్నాడు.

"మరి ఎదురుగా కాల్చామని రాశారు. ఆ కాగితం చూసి మా ఫిర్యాదు కొట్టేశారు. అప్పటి ఆసుపత్రి రికార్డులేమో వరదలో పోయాయిట." ఆర్నెల్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "భయమేసి పరిగెత్తాను. చేతిలో ఏమీ లేదు. కాల్చినవాడి మొహం కూడా నాకు తెలీదు. పరిగెత్తేవాడికి వెనక మొహాలు కనపడవుగా."

"ఇక చాల్లే, మాట్లాడకు," అంది తల్లి.

ఎఫ్రెన్ పౌడరు అద్ది, ఉతికిన చొక్కా తొడిగి, వాణ్ణి మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టాడు. తర్వాత కిటికీ దగ్గర నిలబడి కేస్ షీట్ తెరిచాడు. ఒళ్లు ఎలా ఉందో రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగింది. పాత మచ్చ ఉందని రాసి ఊరుకోవచ్చు. అడిగేవాళ్లుండరు. చదువులో మూడో ఏడు గడిచిపోతుంది. ఆ తర్వాత ఒక్క ఏడాది, ఉద్యోగం.

మంచం పక్కన తల్లి కొడుక్కి గంజి తాగిస్తోంది. మూతి నుంచి కారిన చుక్కని వేలితో తుడిచింది.

ఎఫ్రెన్ రాశాడు. వీపు మీద, వెన్నెముకకి ఎడమ పక్క, తూటా లోపలికి దిగిన మచ్చ. ఛాతీ మీద గానీ, పొట్ట మీద గానీ ఏ మచ్చా లేదు. కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాడు. గుండె తేలికవుతుందనుకున్నాడు. కాలేదు.

జోసెలిన్ రెండుసార్లు చదివింది. "ఖాయంగా చెబుతున్నారా?"

"చూసిందే రాశాను మేడం."

"తేదీ వెయ్యండి."

వేశాడు.

"పాసయ్యారు. వెళ్లి భోంచెయ్యండి," అంది, అతని వైపు చూడకుండా.

బేసిను కడిగి, చేతులు కడుక్కుని, ఏడో నంబరు దగ్గర మరిచిపోయిన తువ్వాలు కోసం ఎఫ్రెన్ వెనక్కి వచ్చాడు. తెర సగం లాగి ఉంది. అవతల జోసెలిన్, మాస్కు తీసేసి, కేస్ షీట్‌ని గుండెలకి హత్తుకుని ఆర్నెల్ తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉంది.

"అమ్మా," అంటోంది, "తూటా తమ్ముడి వీపులోనే దిగిందని, ఈసారి ఆ కాల్చినవాడే తన చేత్తో రాశాడే."